చేరిన రోజే ఒరిజినల్ సర్టిఫికెట్లు అడుగుతున్న స్టార్టప్: ఇవ్వాలా, వద్దా?

మాదాపూర్_ఫ్రెషర్: పదిహేను మంది ఉన్న స్టార్టప్‌లో సోమవారం చేరాలి. బీటెక్ ఒరిజినల్స్ వాళ్ల దగ్గరే ఉంచాలట. రెండేళ్ల బాండ్, మధ్యలో మానేస్తే 2 లక్షలు కట్టాలట. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

పాత_టెస్టర్: ఇవ్వకు తమ్ముడూ. చూపించి, జిరాక్స్ ఇచ్చి వెనక్కి తెచ్చుకో. నావి ఒక కంపెనీ బీరువాలో ఉండిపోయి ఎంటెక్ కౌన్సెలింగ్ పోయింది.

చిన్నకంపెనీ_ఓనర్: మా వైపు నుంచి కూడా చూడండి. ఫ్రెషర్‌కి జీతమిచ్చి పని నేర్పిస్తాం. పని చేతికొచ్చేసరికి పెద్ద కంపెనీ ఆఫర్ రాగానే మెయిల్ పెట్టి వెళ్లిపోతారు. బాండ్ చెల్లదని మాత్రం చెప్పకండి. 2025 మేలో విజయా బ్యాంక్ కేసులో మూడేళ్ల సర్వీసు, 2 లక్షల షరతు చెల్లుతుందని సుప్రీంకోర్టే చెప్పింది.

లేబర్_లా: అది ప్రభుత్వరంగ బ్యాంకు. ఒకరు మానేస్తే మళ్లీ నోటిఫికేషన్ వేసి, పోటీ పెట్టి భర్తీ చేయాలి. ఆ ఖర్చును కోర్టు లెక్కలోకి తీసుకుంది. మీకా ఖర్చు లేదు. కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం దక్కేది సమంజసమైన పరిహారమే, రాసుకున్న మొత్తమంతా దానంతటదే రాదు.

చిన్నకంపెనీ_ఓనర్: బాండ్ చెల్లుతుందా లేదా? అది చెప్పండి.

పాత_టెస్టర్: అబ్బాయి అడిగింది సర్టిఫికెట్ల గురించండీ!

హెచ్ఆర్_అక్క: సరిచూసుకోడానికే అయితే డిజీలాకర్‌లో యూనివర్సిటీ పెట్టిన కాపీ చాలు.

గచ్చిబౌలి_కుర్రాడు: అక్క చెప్పిందే కరెక్ట్.

చిన్నకంపెనీ_ఓనర్: డిజీలాకర్ కాపీ పెట్టుకుంటే మనిషి ఆగుతాడా?

పాత_టెస్టర్: అంటే మనిషిని కట్టేయడానికేగా! నేర్పిస్తామంటున్నారు, ఏం నేర్పిస్తారు? నేను చేరిన రోజు ల్యాప్‌టాప్ లేదు. కంపెనీ కోడ్ ఉండే రెపో యాక్సెస్ కోసం రోజూ అడుక్కున్నాను. పక్క సీటాయన్ని డౌట్ అడిగితే ‘కోడ్ చదువుకో’ అన్నాడు. నేను మానేసినప్పుడు ఆ నెలల జీతాన్నే ట్రైనింగ్ ఖర్చు కింద రాసి నోటీసు పంపారు.

చిన్నకంపెనీ_ఓనర్: నేర్పడానికి మనుషులేరండీ? ఉన్న ఇద్దరు సీనియర్లూ రిలీజ్ పనిలోనే ఉంటారు. వాళ్లను కొత్తవాళ్ల పక్కన కూర్చోబెడితే డెలివరీ ఆగుతుంది, క్లయింట్ డబ్బులు ఆగుతాయి. ఆ నష్టం నేనొక్కణ్నే ఎందుకు భరించాలి?

పాత_టెస్టర్: మరి మొదటి జీతం కూడా అందుకోని పిల్లాడెందుకు భరించాలి? తక్కువ జీతమని ఫ్రెషర్‌ని తీసుకున్నది మీరు. నేర్పే మనిషి లేకపోతే అనుభవం ఉన్నవాళ్లను తీసుకోండి.

చిన్నకంపెనీ_ఓనర్: అంత జీతాలు మేం ఇవ్వలేం. అలాగైతే ఫ్రెషర్లకు ఉద్యోగాలు ఎవరిస్తారు?

మాదాపూర్_ఫ్రెషర్: మెయిల్ పెట్టాను. ఒరిజినల్స్ చూపిస్తే చాలన్నారు, బాండ్ మాత్రం తీయరట. మొదటి నెల నాకు పని ఎవరు చూపిస్తారని కూడా అడిగాను. దానికి జవాబు రాలేదు.

పాత_టెస్టర్: అది మెయిల్‌లో వచ్చేదాకా బాండ్ మీద సంతకం పెట్టకు.