గ్రాంటు రాలేదని వృద్ధాశ్రమం తలుపు వేసేస్తే తప్పెవరిది?

ఆరిలోవ అమ్మాయి:
మా వీధిలో ఒక మామ్మగారు ఉన్నారు. పిల్లలు లేరు, తాతగారు ఎప్పుడో పోయారు. పక్షవాతం వస్తే విశాఖ సర్కారు ఆసుపత్రి కేజీహెచ్‌లో చేర్చాం. వాళ్ళు చేయాల్సింది చేసి ఇంటికి పంపేశారు. ఇంట్లో చూసేవాళ్ళు లేక, భీమిలి వైపు గ్రాంటుతో నడిచే ఒక ఆశ్రమానికి వెళ్ళాను. "మంచాలు ఖాళీగానే ఉన్నాయమ్మా. పోయినేటి గ్రాంటు ఇంకా పడలేదు, కొత్తవాళ్ళని తీసుకోవట్లేదు. మంచం పట్టినవాళ్ళనైతే అసలే తీసుకోం" అన్నారు. సర్కారు సొమ్ముతో నడిచే చోట ఇలా అనొచ్చా? నాకైతే ఒళ్ళు మండింది. మీరేమంటారు?

రిటైర్డ్ ఆడిటర్:
అనకూడదమ్మా. ఖాళీ మంచం పెట్టుకుని మనిషిని తిప్పి పంపడం గ్రాంటు ఉద్దేశానికే విరుద్ధం. అయితే ఆలస్యమంతా ప్రభుత్వానిదే అనడం కూడా సరికాదు. ముందు ఇచ్చిన సొమ్ముకు యూసీ (ఖర్చు పెట్టినట్టు ఇచ్చే ధ్రువపత్రం), ఆడిట్ అయిన పద్దులు, జిల్లా నుంచి తనిఖీ నివేదిక, ఈ మూడూ ఉంటేనే తర్వాతి డబ్బు. ఒకటి తగ్గినా ఫైలు కదలదు, కదలకూడదు. రిజిస్టర్లో పాతికమంది, భోజనాల బంతిలో అందులో సగం కూడా లేరు. ఇలాంటి చోట్లు నా సర్వీసులో చూశాను. తలలు లెక్కపెట్టకుండా డబ్బు ఇచ్చేస్తే రేపు తిట్టేదీ మీరే.

ఆశ్రమం పద్దులు:
ఆడిటర్ గారూ, నమస్కారం. నేను ఇలాంటి ఒక చోట లెక్కలు రాస్తాను. (ఈ అమ్మాయి వెళ్ళింది మా దగ్గరికి కాదు.) తలలు లెక్కపెట్టమనే కదండీ మేమూ అడుగుతున్నది! మేం యూసీ పెట్టింది జూన్‌లో. తనిఖీకి రావలసినాయనకి బదిలీ అయింది. కొత్తాయన మా గేటు చూసేసరికి దీపావళి వెళ్ళిపోయింది. ఆ నివేదిక జిల్లా నుంచి రాష్ట్రానికి, అక్కణ్ణుంచి ఇ-అనుదాన్ పోర్టల్లో ఢిల్లీకి వెళ్ళాలి. 2021 నుంచి వృద్ధాశ్రమాలకి కేంద్రం ఇచ్చే ఈ గ్రాంటు పథకమంతా అటల్ వయో అభ్యుదయ యోజన కిందికి వచ్చింది. పేరు మారింది గానీ దారి పొడవు తగ్గలేదు. ఒక కాలమ్ ఖాళీగా ఉందని వెనక్కి కొడితే మళ్ళీ మొదటికి. మార్చి 31 దాటిందా, ఆ ఏడాది బడ్జెట్ మురిగిపోయినట్టే.

ఈలోగా బియ్యం కొట్టాయన ఆగుతాడు, పాత బాకీ మునుగుతుందని భయం కాబట్టి. ఆయాలు ఆగలేరు. మంచం పట్టిన మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, రాత్రిళ్ళు కూడా. లేకపోతే నడుం మీద పుండ్లు పడతాయి. జీతం అందక రాత్రి ఆయా మానేసిన చోట అలాంటి మనిషిని చేర్చుకుంటే అది దయ కాదు. ఆ ఆశ్రమం వాళ్ళు "తీసుకోం" అన్నది నాకు తప్పనిపించడం లేదు.

మధురవాడ టెకీ:
అసలు సంస్థలకి ఎందుకివ్వాలి? ఎన్టీఆర్ భరోసా పింఛను చూడండి. ఒకటో తారీఖు తెల్లారేసరికి గుమ్మం దగ్గర 4,000. పక్షవాతంతో పూర్తిగా మంచానికే పరిమితమైతే 15,000. 2024 జులై 1న మూడు నెలల తేడా కూడా కలిపి 7,000 ఇంటింటికీ పంచారు. ఇవ్వాలనుకుంటే సర్కారుకి తారీఖు తప్పదు. ఆ సొమ్మేదో మనిషి చేతికే ఇస్తే నచ్చిన హోమ్‌కి వాళ్ళే కట్టుకుంటారు. యూసీల గోల ఉండదు.

గాజువాకోడు:
బాబూ, ఆ 15,000కి డాక్టర్ల సర్టిఫికెట్టు కావాల. కదల్నేని ముసలమ్మని ఆటోలో ఏసుకుని ఎవులు తిప్పుతారు? వచ్చిన డబ్బు సేతికిత్తే తినేది కొడుకే. నన్నడిగితే గ్రాంటు కాదు గొడవ. కొడుకులుండి ఆశ్రమంలో పడేత్తన్నారు సూడు, ఆల్ల మీద ఆర్డీవో కాడ కేసెయ్యాల. అమ్మానాన్నల్ని పిల్లలే సూడాలని 2007 చట్టం ఉంది గదా.

ఆరిలోవ అమ్మాయి:
బాబాయ్, ఆవిడకి పిల్లలు లేరని పైనే రాశాను. ఎవరి మీద వేయమంటారు కేసు?

ఆశ్రమం పద్దులు:
పిల్లలున్నా ఆర్డీవో దగ్గరి ఆ ట్రిబ్యునల్ ఇప్పించగలిగేది చట్టం ప్రకారం నెలకి 10,000 వరకే. అదే చట్టంలో 19వ సెక్షన్ ఎవరూ ఎత్తరు. జిల్లాకి కనీసం ఒక ఆశ్రమం, అందులో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకి చోటు. 2022 ఏప్రిల్‌లో ఉమ్మడి విశాఖ మూడు జిల్లాలైంది. ఆ లెక్కన 450 మందికి చోటుండాలి. కాకపోతే దాన్ని రాష్ట్రాల ఇష్టానికి వదిలేశారు, తప్పనిసరి చేయలేదు.

మాజీ స్టాఫ్ నర్సు, సీతమ్మధార:
ఆసుపత్రి వైపు నుంచి ఒక మాట. 2024 అక్టోబరు నుంచి 70 నిండినవాళ్ళకి ఆయుష్మాన్ కార్డు మీద ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం. మంచిదే. కానీ అది ఆసుపత్రిలో పడుకున్నప్పటి ఖర్చుకి. ఇంటికొచ్చాక పక్క తిప్పే మనిషికి అందులోంచి పైసా రాదు. అందుకే డిశ్చార్జి రోజున వార్డులో గొడవలు, "ఇంకో వారం ఉంచండి సిస్టర్" అని బతిమాలడాలు.

ఇంకోటి. ప్రభుత్వ బకాయిలు పేరుకుపోతే ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేస్తామంటాయి. పేపర్లో వస్తుంది, చర్చలకి పిలుస్తారు, కొంతైనా విడుదల చేస్తారు. ఆశ్రమం వాళ్ళు ఏం ఆపుతారు? ఉన్న ముసలివాళ్ళని రోడ్డు మీద కూర్చోబెట్టలేరు. కొత్తవాళ్ళకి తలుపు వేయడం ఒక్కటే వాళ్ళు చేయగల సమ్మె. ఆ దెబ్బ సెక్రటేరియట్‌కి తగలదు, ఆరిలోవ మామ్మకి తగులుతుంది. అందుకే ఈ ఆలస్యం ఎన్నేళ్ళయినా ఎవరికీ నొప్పి పుట్టదు.

రిటైర్డ్ ఆడిటర్:
సిస్టర్ గారి మాట ఒప్పుకుంటాను గానీ, ఆ సమ్మె తిరిగి వాళ్ళ మెడకే చుట్టుకుంటుంది. తనిఖీ ఆఫీసరుకి కనబడేది ఖాళీ మంచం. తిప్పి పంపినవాళ్ళ పేర్లు ఏ రిజిస్టర్లోనూ ఉండవు. "ఇక్కడ అవసరం అంతగా లేదు" అని రాసి తలల లెక్కన గ్రాంటు తగ్గిస్తే తప్పు పట్టలేం. వచ్చి వెళ్ళినవాళ్ళకి ఒక పుస్తకం పెట్టండి. ఎంత రావాలో గేటు దగ్గర బోర్డు మీద రాయండి.

ఆశ్రమం పద్దులు:
పుస్తకం సరే. బోర్డు పెడితే దాతలు బెదురుతారండీ, మూతబడే చోటికి ఎవరిస్తారు? ఇప్పుడు మమ్మల్ని నడిపిస్తున్నది పుట్టినరోజు భోజనాలు. అన్నదానం అంటే అందరూ ముందుకొస్తారు. అన్నం మిగిలిపోయే రోజులున్నాయి. ఆయా జీతమో డైపర్లో అడిగితే మాత్రం "చూద్దాం" అంటారు. గ్రాంటు నిజంగా కావలసింది అక్కడ.

మధురవాడ టెకీ:
సమాచార హక్కు కింద అడగండి. యూసీ అందిన తేదీ, తనిఖీ తేదీ, పైకి పంపిన తేదీ. 30 రోజుల్లో చెప్పాల్సిందే.

ఆశ్రమం పద్దులు:
మేం వేయలేం బాబూ. వచ్చే తనిఖీకి వచ్చేది కూడా ఆ ఆఫీసువాళ్ళే.

రిటైర్డ్ ఆడిటర్:
నేను వేస్తాను. ఏ ఆశ్రమం పేరూ ఎత్తను, మన జిల్లాలో ఉన్న గ్రాంటు ఫైళ్ళన్నిటి తేదీలూ అడుగుతాను. తేలేది సంస్థల తప్పే అయితే ఇక్కడే పెడతాను, అప్పుడు నొచ్చుకోకూడదు మరి.

గాజువాకోడు:
ఎయ్యండి ఎయ్యండి. ముప్పై రోజులు గదా. ఈలోగా మామ్మ సంగతేటి?

ఆరిలోవ అమ్మాయి:
వృద్ధుల సహాయ నంబరు 14567 ఎల్డర్ లైన్‌కి చేశాను. పెందుర్తి వైపు ఒక ప్రైవేటు హోమ్ చెప్పారు. వాళ్ళు అడ్వాన్సు అడుగుతున్నారు, పింఛను సర్టిఫికెట్టు ఇంకా చేతికి రాలేదు. పగలు వీధిలో వాళ్ళం వంతులు వేసుకుంటున్నాం. రాత్రికి జీతం ఇచ్చి ఒక మనిషిని పెట్టుకోవాలి. హనుమంతవాక, ఆరిలోవ చుట్టుపక్కల ఎవరైనా తెలిస్తే చెప్పండి. పక్క తిప్పడం తెలిసినవాళ్ళైతే మంచిది.