వీ/బీడీ చాలదా, వీక్యూ/ఐబీ కూడా కావాలా?

రాజాం_థర్డ్_ఇయర్:

అందరికీ నమస్కారం. మా సివిల్ బ్యాచ్‌లో తెగని వాదన ఒకటి ఇక్కడ పెడుతున్నాను.

ఒకే బీమ్. వెడల్పు 230, లోతు 450 మిల్లీమీటర్లు. ఫ్యాక్టర్డ్ షియర్ ఫోర్స్ (భద్రత కోసం పెంచి తీసుకున్న షియర్ బలం, వీ) 90 కిలోన్యూటన్లు. స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ పేపర్లో అయితే వీక్యూ/ఐబీ ఫార్ములా వేస్తాం (క్యూ అంటే చూస్తున్న గీతకి పైన ఉన్న విస్తీర్ణపు మూమెంట్, ఐ అంటే మొత్తం సెక్షన్ మూమెంట్ ఆఫ్ ఇనర్షియా, బీ వెడల్పు). షియర్ స్ట్రెస్ లోతు వెంబడి పారబోలాలా మారి, న్యూట్రల్ యాక్సిస్ (బెండింగ్ స్ట్రెస్ సున్నా అయ్యే గీత) దగ్గర సగటుకి ఒకటిన్నర రెట్లు, అంటే 1.30 మెగాపాస్కల్. అదే బీమ్‌ని ఆర్‌సీసీ (స్టీల్ రాడ్లు వేసిన కాంక్రీట్) డిజైన్ పేపర్లో ఎఫెక్టివ్ డెప్త్ (పై అంచు నుంచి కింది రాడ్ల మధ్య దాకా లోతు, డీ) 415 తీసుకుని, కాంక్రీట్ కోడ్ ఐఎస్ 456 చెప్పినట్టు వీ/బీడీ వేస్తే 0.94 వస్తుంది. ఎం20 కాంక్రీట్, 0.75 శాతం స్టీల్ ఉంటే కోడ్ పట్టికలో బలం 0.56. ఆ తేడాకి రింగులు (రాడ్ల చుట్టూ కట్టే స్టిరప్‌లు) వేస్తాం. రెండు పేపర్లలోనూ ఫుల్ మార్కులు పడతాయి.

సీనియర్లేమో "పారబోలా పరీక్షలకే, డిజైన్‌లో ఎవరూ వాడరు, సిలబస్‌లోంచి తీసేసినా పోయేదేం లేదు" అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. కానీ తిరిగి ఏం చెప్పాలో తెలియడం లేదు. మీరేమంటారు?

సిక్కోలు_సైట్:

తీసేయమనే నేనంటాను తమ్ముడూ. మొదట ఆ ఫార్ములాకి కావలసినవేటో చూడు. మెటీరియల్ అంతా ఒకేలా ఉండాలి, ఎలాస్టిక్‌గా ఉండాలి, పగుళ్లు ఉండకూడదు. మన ఆర్‌సీసీ బీమ్‌లో ఈ మూడిట్లో ఏది నిజం? సర్వీస్ లోడ్‌కే కింద కాంక్రీట్ పగులుతుంది. ఆ తర్వాత షియర్‌ని మోసేవి వేరే: పైన నొక్కుడులో ఉన్న పగలని కాంక్రీట్, పగులు రెండు ముఖాల మధ్య కంకర రాపిడి, కింద రాడ్లు అడ్డంగా పట్టుకోవడం, ఇవి కాక రింగులు. ఈ లెక్కలో పారబోలా ఎక్కడుంది?

ఇంకోటి. 1.30 తెచ్చి 0.56తో పోల్చే కుర్రోళ్లని చూశాను. అది పూర్తిగా తప్పు. ఆ పట్టికలో అంకెలు బీమ్‌లు విరగ్గొట్టి, విరిగిన లోడ్‌ని బీడీతో భాగించి తెచ్చినవి. అందుకే కోడ్ దాన్ని నామినల్ షియర్ స్ట్రెస్ అంది. ఏ బిందువు దగ్గరా ఉండే స్ట్రెస్ కాదది, పోల్చడానికి పెట్టుకున్న కొలత. అలాంటప్పుడు కుర్రోళ్ల బుర్రలో రెండు కొలతలు పెట్టి తికమక పెట్టడం ఎందుకు? సైట్లో రింగుల దూరం తప్పేస్తే బీమ్ పోతుంది. క్యూ అంటే ఏటో చెప్పలేకపోయినా ఏటీ పోదు.

విజయనగరం_మెకానిక్స్_మేడమ్:

సైట్ గారూ, 1.30ని 0.56తో పోల్చకూడదన్నది నూటికి నూరుపాళ్లు నిజం. ఆ మాట ఆర్‌సీసీ మొదటి క్లాసులోనే చెప్పాలి. కానీ దాన్నిబట్టి పాఠమే తీసేయాలన్నారు చూడండీ, అక్కడ నేను మీతో లేను. పిల్లలకి ఆ పాఠం పారబోలాగా గుర్తుండిపోవడమే అసలు జబ్బు. పారబోలా ఒక ఫలితం మాత్రమే. పాఠం వేరే.

బాబూ రాజాం, రెండు చెక్కలు తీసుకో, ఒకే కొలతవి. ఒకదాని మీద ఒకటి పెట్టి, రెండు చివర్లా ఇటుకల మీద ఆనించి మధ్యలో బరువు పెట్టు. చివర్లు చూడు. పై చెక్క అడుగుభాగం సాగుతుంది, కింది చెక్క పైభాగం కుదించుకుంటుంది, అంచులు ఒకదాన్ని దాటి ఒకటి జరుగుతాయి. ఇప్పుడు ఆ రెంటినీ గట్టి జిగురుతో అతికించు. వంగడం నాలుగో వంతుకి పడిపోతుంది, మోసే బరువు రెట్టింపవుతుంది. కలప అదే, కొలత అదే. మారిందల్లా ఒక్కటే, జరగబోయిన పొరల్ని జిగురు ఆపింది. ఆ ఆపే బలమే షియర్ స్ట్రెస్. నిలువుగా కోసేది కాదు, బీమ్ పొడవునా పొరల మధ్య నడిచేది. ఒక బిందువు దగ్గర నిలువుదీ అడ్డందీ సమానంగా ఉండి తీరాలి కాబట్టి రెంటికీ ఒకే అంకె వస్తుంది.

అంకె ఎలా వస్తుందంటే, బీమ్‌లో దగ్గరదగ్గరగా రెండు చోట్ల నిలువుగా కోసి, ఆ ముక్కలో నీకు కావలసిన ఎత్తుకి పైన ఉన్న భాగాన్ని మాత్రం విడిగా చూడు. దాని ఎడమ ముఖం మీద బెండింగ్ వల్ల ఒక తోపుడు, కుడి ముఖం మీద ఇంకాస్త పెద్ద తోపుడు, ఎందుకంటే బెండింగ్ మూమెంట్ (బీమ్‌ని వంచే ప్రభావం) మారింది. ఆ తేడాని ఎవరు పట్టుకోవాలి? అడుగు ముఖం మీద షియర్. మూమెంట్ మారే రేటే షియర్ ఫోర్స్ కాబట్టి వీ వచ్చింది. విడిగా చూసిన భాగం మీద పడే తోపుడు దాని విస్తీర్ణం, న్యూట్రల్ యాక్సిస్ నుంచి దాని దూరం కలిసి తేలుస్తాయి కాబట్టి క్యూ వచ్చింది. బెండింగ్ స్ట్రెస్ లెక్కలో మూమెంట్‌ని ఐతో భాగిస్తాం కాబట్టి కింద ఐ వచ్చింది. అడుగు ముఖం వెడల్పు బీ. ఇందులో బట్టీ పట్టాల్సింది ఏదీ లేదు.

దీన్ని మొదట లెక్క కట్టింది క్లాస్‌రూమ్‌లో కాదు, వంతెనల పని మీద. రష్యాలో పీటర్స్‌బర్గ్–మాస్కో రైలుమార్గం వేస్తున్నప్పుడు జురావ్‌స్కీ అనే ఇంజినీర్ పెద్ద పెద్ద చెక్క వంతెనలు కట్టవలసి వచ్చింది. చెక్క నార వెంబడి షియర్‌కి బలహీనం. ఆయనకి కావలసింది ఆ నార వెంబడి జారుడే. మన దగ్గర పాత పెంకుటిళ్లలో తాటి దూలాలు ఉంటాయి కదా. నార వెంబడి పొడుగ్గా తెరుచుకున్న చీలిక కనిపిస్తే ఆగి చూడండి. అది ఎండుకి వచ్చిందీ కావచ్చు, షియర్‌కి వచ్చిందీ కావచ్చు, కానీ దూలం లోతు మధ్యన, ఆనింపుల వైపు ఉంటే ఈ పాఠం గుర్తు రావాలి. ఆ చీలిక చివరిదాకా పాకితే దూలం రెండు విడి చెక్కలయిపోయినట్టే.

బొబ్బిలి_ఫ్యాబ్రికేషన్:

నేను స్టీల్ పని చేస్తాను. మేడమ్ గారి మాటకి మా వైపు నుంచి ఒక లెక్క.

వెల్డింగ్ చేసిన ఐ గర్డర్. మొత్తం లోతు 300, ఫ్లాంజ్ (పైనా కిందా ఉండే అడ్డ పలకలు) 150 వెడల్పు 10 మందం, వెబ్ (మధ్యలో నిలువు పలక) 10 మందం. షియర్ 100 కిలోన్యూటన్లు. వెబ్ పై చివర స్ట్రెస్ 26.7, మధ్యలో 38.8 మెగాపాస్కల్. మొత్తం షియర్‌లో 97 శాతం వెబ్బే మోస్తుంది. అందుకే స్టీల్ కోడ్ ఐఎస్ 800 షియర్‌కి వెబ్ విస్తీర్ణాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. వెబ్ మీద సగటు వేస్తే 35.7, అసలు గరిష్ఠం 38.8. తేడా చిన్నదే. ఇక్కడిదాకా సైట్ గారిదే గెలుపు, సగటు చాలు.

కానీ ఫ్లాంజ్‌ని వెబ్‌కి అతికే వెల్డ్ ఎంత ఉండాలి? దానికి ఏ సగటూ సమాధానం చెప్పదు. వీక్యూ/ఐ వేస్తే ప్రతి మిల్లీమీటర్ పొడవుకీ 267 న్యూటన్లు. రెండు పక్కలా రెండు వెల్డ్‌లు కాబట్టి ఒక్కోదానికి 134. 6 మిల్లీమీటర్ల ఫిల్లెట్ (మూల వెల్డ్) వేస్తే గొంతు, అంటే వెల్డ్ అతి సన్నని మందం, 4.2, స్ట్రెస్ 32 దాకా. ధారాళంగా సరిపోతుంది. మధ్యమధ్య వదిలేస్తూ వేసే వెల్డ్ అయితే ఎంత వదలొచ్చో కూడా ఈ అంకే చెప్తుంది. రైల్వే వాళ్ల పాత ప్లేట్ గర్డర్లలో రివెట్ల దూరం, ఇప్పటి కాంపోజిట్ వంతెనల్లో స్లాబ్‌నీ గర్డర్‌నీ పట్టి ఉంచే కనెక్టర్ల దూరం, అన్నీ ఈ లెక్కే.

రాజాం_థర్డ్_ఇయర్:

మేడమ్, ఒక సందేహం. గరిష్ఠం ఎప్పుడూ న్యూట్రల్ యాక్సిస్ దగ్గరే అని మా నోట్స్‌లో బాక్స్ కట్టి ఉంది. అది ఎప్పుడూ నిజమేనా?

విజయనగరం_మెకానిక్స్_మేడమ్:

కాదు. క్యూ మాత్రం అక్కడ గరిష్ఠం, అది ఎప్పుడూ నిజమే. కానీ స్ట్రెస్ క్యూని బీతో భాగిస్తే వస్తుంది, బీ కూడా మారితే గరిష్ఠం జరుగుతుంది. త్రిభుజం తీసుకో: గరిష్ఠం సగం ఎత్తులో, సగటుకి 1.5 రెట్లు, న్యూట్రల్ యాక్సిస్ దగ్గర 1.33 మాత్రమే. చతురస్రాన్ని మూల మీద నిలబెడితే న్యూట్రల్ యాక్సిస్ దగ్గర సరిగ్గా సగటు, అక్కడినుంచి పైకీ కిందికీ మొత్తం ఎత్తులో ఎనిమిదో వంతు దూరంలో 1.125 రెట్లు. ఆ బాక్స్ కొట్టేసి "క్యూ/బీ ఎక్కడ ఎక్కువో అక్కడ" అని రాసుకో.

సిక్కోలు_సైట్:

త్రిభుజం బీమ్ ఎవరు పోస్తారు మేడమ్? సరే, అది పక్కన పెడదాం. వెల్డ్ లెక్క ఒప్పుకుంటున్నాను, స్టీల్‌కి ఇది కావాలి. కానీ ఫార్ములా స్టీల్‌లో కూడా అన్నిచోట్లా నిజం చెప్పదు కదా. అదే గర్డర్ ఫ్లాంజ్‌లో వీక్యూ/ఐబీ వేస్తే 1.78 వస్తుంది, ఒక్క గీత దాటి వెబ్‌లోకి రాగానే 26.7. ఫ్లాంజ్ కింది ముఖం ఖాళీ గాలి. దాని మీద షియర్ సున్నా ఉండాలి, 1.78 ఎలగ ఉంటుంది? వెడల్పు పొడుగునా స్ట్రెస్ సమానం అనుకోవడం అక్కడ చెల్లదు. ఇవన్నీ చెప్పకుండా ఫార్ములా ఒక్కటీ చేతికిస్తే నష్టమే ఎక్కువ. నా మాట ఆర్‌సీసీ గురించి, అక్కడ మాత్రం నేను కదలను.

విజయనగరం_మెకానిక్స్_మేడమ్:

ఫ్లాంజ్ గురించి మీరన్నది అక్షరాలా సరైనది. ఫ్లాంజ్‌లో అసలు షియర్ అడ్డంగా, అంచుల నుంచి వెబ్ వైపు నడుస్తుంది. అడ్డ కోతతో దొరకదు, ఫ్లాంజ్‌ని నిలువుగా చీల్చి అదే ముక్క లెక్క మళ్లీ వేయాలి. చూశారా, ఫార్ములా తప్పిన చోట కూడా పద్ధతి తప్పలేదు.

ఆర్‌సీసీలోనూ అదే జరుగుతుంది. పగిలిన బీమ్‌నే తీసుకుందాం. న్యూట్రల్ యాక్సిస్ కింద కాంక్రీట్ లాగుడు మోయదు, రాడ్లే మోస్తాయి. అదే ముక్క కోయండి, ఈసారి రాడ్ల పైనుంచి. ఎడమ రాడ్ లాగుడికీ కుడి రాడ్ లాగుడికీ తేడా ఉంది, ఎందుకంటే మూమెంట్ మారింది. ఆ తేడాని పైన కాంక్రీట్‌తో పట్టుకోవాలి. లెక్క వేస్తే వీ/బీజేడీ వస్తుంది, జేడీ అంటే నొక్కుడుకీ లాగుడికీ మధ్య దూరం. న్యూట్రల్ యాక్సిస్ నుంచి రాడ్ల దాకా ఆ స్ట్రెస్ మారదు, పారబోలా పైన నొక్కుడు భాగంలోనే మిగులుతుంది. పాత వర్కింగ్ స్ట్రెస్ పద్ధతిలో డిజైన్ చేసినవాళ్లకి వీ/బీజేడీ బాగా తెలుసు. జేడీ సుమారు 0.9డీ. ఈ పిల్లవాడి బీమ్‌లో 1.05 వస్తుంది. కోడ్ ఆ 0.9ని కూడా వదిలేసి వీ/బీడీ అంది, పట్టికని దానికి తగ్గట్టు పెట్టింది. అంటే మీ వీ/బీడీ ఈ పాఠానికి శత్రువు కాదు, ఈ పాఠంలోంచి వచ్చిన మనవడు.

అలాగే సపోర్ట్ దగ్గర పగులు ఏటవాలుగా ఎందుకు వస్తుందో చెప్పాలన్నా ఇదే కావాలి. న్యూట్రల్ యాక్సిస్ దగ్గర బెండింగ్ స్ట్రెస్ లేదు, షియర్ ఒక్కటే. ఒట్టి షియర్ అంటే 45 డిగ్రీల్లో అంతే పరిమాణం లాగుడు. కాంక్రీట్‌కి లాగుడంటే పడదు. రింగు ఆ పగులుని దాటి కుట్టు వేస్తుంది.

సిక్కోలు_సైట్:

వీ/బీజేడీ దాకా తీసుకొచ్చి చెప్తే నాకు అభ్యంతరం లేదు. కానీ నేను చూసిన క్లాసుల్లో పారబోలా గీసి, ఒకటిన్నర రెట్లు అని అండర్‌లైన్ చేసి, తర్వాతి చాప్టర్‌కి పోతారు. ఆర్‌సీసీ చెప్పేవారు వచ్చి వీ/బీడీ రాసి, మొదటిదాని ఊసే ఎత్తరు. ఈ మధ్యలో గోతిలో పడుతున్నారు పిల్లలు. పాఠం ఉంచుతామంటే ఈ రెండిటికీ వంతెన కట్టే క్లాసు ఒకటి తప్పనిసరి చేయాలి, ల్యాబ్‌లో రింగుల్లేని చిన్న బీమ్ ఒకటి విరగ్గొట్టి చూపించాలి. అది లేకుండా ఉంచడం కన్నా తీసేయడమే మేలని ఇప్పటికీ అంటాను.

రాజాం_థర్డ్_ఇయర్:

మేడమ్, మీ చెక్కల లెక్క జిగురు బదులు మేకులతో వేశాను. ఒక్కోటి 100 వెడల్పు, 50 మందం. మధ్యలో రెండు క్వింటాళ్ల బరువు, అంటే షియర్ సుమారు 1 కిలోన్యూటన్. వీక్యూ/ఐ మిల్లీమీటర్‌కి 15 న్యూటన్లు వచ్చింది. ఒక్కో మేకు 600 న్యూటన్లు ఆపుతుందనుకుంటే, రెండు వరుసల్లో కొడితే 80 మిల్లీమీటర్లకి ఒక జత. సరేనా?

సిక్కోలు_సైట్:

నేనడుగుతాను. మధ్యలోనే కదా మూమెంట్ ఎక్కువ. అక్కడ మేకులు దగ్గరదగ్గరగా కొట్టొద్దా?

రాజాం_థర్డ్_ఇయర్:

వద్దు సర్. మేకు ఆపేది మూమెంట్‌ని కాదు, మూమెంట్‌లో మార్పుని. బరువు మధ్యలో ఒక్కచోటే ఉంది కాబట్టి ఈ చివర నుంచి ఆ చివరిదాకా షియర్ పరిమాణం 1 కిలోన్యూటనే, మేకుల దూరం అంతటా 80. బరువు చెక్క పొడవునా సమానంగా పరిస్తే అప్పుడు చివర్లలో దగ్గరగా, మధ్యకి వచ్చేకొద్దీ ఎడంగా కొట్టాలి.

సిక్కోలు_సైట్:

సరిపోయింది. మీ ల్యాబ్‌లో అదే లోడ్ పెట్టి, మేకులు కొట్టకముందు ఎంత వంగింది, కొట్టాక ఎంత వంగింది, డయల్ గేజ్‌తో కొలిచి ఇక్కడ పెట్టు. మేకులు కాస్త కదుల్తాయి కాబట్టి మేడమ్ చెప్పిన నాలుగో వంతు రాదు. ఎంత దగ్గరకి వస్తుందో చూద్దాం.