1990 ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్ రాత్రి మీరెక్కడ చూశారు?

రేపల్లె_ప్యాసింజర్:
మా అబ్బాయి నిన్న 2022 ఫైనల్ మళ్లీ పెట్టుకుని చూస్తుంటే నాకు రోమ్‌లో జరిగిన ఆ ఫైనల్ గుర్తొచ్చింది. 1990 జులై 8, ఆదివారం. మనకు రాత్రి పదకొండున్నరకి మొదలు. నేను తొమ్మిదో తరగతి. మేలో వచ్చిన తుఫానుకి యాంటెన్నా గొట్టం విరిగితే నాన్న దాన్ని కొబ్బరిచెట్టుకి కట్టించారు. చెట్టు ఊగినప్పుడల్లా మారడోనా కూడా ఊగేవాడు. మాది బ్లాక్ అండ్ వైట్ డయనోరా. ఆ రోజు అర్జెంటీనా చారల చొక్కా వేసుకోలేదు, ముదురు నీలం. జర్మనీది తెలుపు. "నల్లగా కనిపించేవాళ్లంతా మనవాళ్లురా" అని తమ్ముడికి చెప్పాను. రెఫరీది కూడా నల్ల చొక్కానే. పెనాల్టీ ఇచ్చేదాకా వాడు ఆయన్ని మన టీమ్‌లోనే లెక్కేసుకున్నాడు.

గోలీ_నంబర్_12:
హహ, రెఫరీ మనవాడే! అన్నా, ఆ పెనాల్టీ వేసింది జర్మనీ కెప్టెన్ మథాయస్ కదా?

కాకినాడ_కాజా:
కాదు గురూ, బ్రెమె. మథాయస్ బూటు పాడై మధ్యలో మార్చుకున్నాడు, కొత్త బూటుతో వేయడానికి ధైర్యం చాల్లేదు. 85వ నిమిషం. నిజం చెప్పాలంటే పెనాల్టీ అనగానే మేం భయపడలేదు. గొయ్కోచియా ఉన్నాడుగా! అసలు గోలీ పంపిడో కాలు విరిగితే వచ్చినవాడు. యుగోస్లావియా మీద రెండు, సెమీస్‌లో ఇటలీ మీద రెండు ఆపాడు. మా మామయ్య అయితే "ఆపేస్తాడు, టీ పెట్టు" అని అత్తని లేపాడు. గొయ్కోచియా సరైన వైపే దూకాడు. బంతి చేతికీ స్తంభానికీ మధ్య నుంచి వెళ్లిపోయింది. ఆ టీ ఎవరూ తాగలేదు.

వాడకట్టు_సెంటర్‌ఫార్వర్డ్:
అసలు అది పెనాల్టీనే కాదు. మన సెన్సిని కాలు బంతికే తగిలింది, జర్మనీ వోలర్ పడిపోయిండు. ముప్పై ఏళ్లు దాటినా నా మాట ఇదే.

జర్మనీ_పార్టీ:
మొదలైంది ఏడుపు 😀 నేను మా హాస్టల్లో ఒక్కణ్నే జర్మనీ. మీవాళ్లు ఆ రోజు గోల్ వైపు ఎన్నిసార్లు వెళ్లారో చెప్పండి చూద్దాం. 65వ నిమిషంలో మొన్సోన్‌కి రెడ్ కార్డ్. ప్రపంచకప్ ఫైనల్లో బయటికి పంపించిన మొదటి ఆటగాడు అతనే. చివర్లో డెజొట్టీ. తొమ్మిది మందితో ముగించారు. పెనాల్టీ మీద ఎంతైనా వాదించండి, ఆట మాత్రం మాదే.

కాకినాడ_కాజా:
కనీజియా లేడు కదా సార్! బ్రెజిల్‌ని ఇంటికి పంపిన గోల్ అతనిదే, ఇటలీ మీద సమం చేసిందీ అతనే. సెమీస్‌లో బంతి చేతికి తగిలి ఎల్లో కార్డ్, దాంతో ఫైనల్‌కి నిషేధం. నాకు పెనాల్టీ కన్నా ఆ కార్డే ఎక్కువ మండుతుంది. ఎందుకు చెయ్యి పెట్టాడో ఇప్పటికీ అర్థం కాదు.

మల్లెపందిరి:
నాకు ఆటలో రూల్స్ తెలియవండి. పక్కింటి వరండాలో చాప మీద కూర్చుని చూశాం. మొదట్లో అర్జెంటీనా జాతీయగీతం వస్తుంటే స్టేడియం అంతా ఈలలు వేసి గోల చేసింది, అది బాగా గుర్తు. నేపుల్స్‌లో ఇటలీని ఓడించారన్న కోపమని తర్వాత ఎవరో చెప్పారు. ఆఖర్లో మారడోనా ఏడుస్తుంటే, అప్పటిదాకా కునికిపాట్లు పడుతున్న మా అమ్మమ్మ కళ్లు తెరిచి "ఎవరబ్బాయే పాపం, వాళ్లమ్మ చూస్తోందో ఏమో" అంది. ఓడిపోయాడని చెబితే "అంతేనా, నేనింకేం జరిగిందో అనుకున్నా" అని లేచి వెళ్లి పడుకుంది. నేను మాత్రం దిండులో మొహం పెట్టుకుని ఏడ్చాను.

జర్మనీ_పార్టీ:
ఆ ఏడుపు చూసి నాకూ సంబరం సగమే మిగిలింది. ఇది ఎక్కడా చెప్పకండి.

గోలీ_నంబర్_12:
రేపల్లె అన్నా, తమ్ముడి సంగతి చెప్పనే లేదు?

రేపల్లె_ప్యాసింజర్:
వాడు పెనాల్టీ ఇచ్చాక నా వైపు తిరిగి "మనవాడే ఇచ్చాడేంటి?" అన్నాడు. అప్పటిదాకా నాకూ తెలియదు, వాడలా అనుకుంటున్నాడని. పొద్దున ఇద్దరం బడికి వెళ్లలేదు. నాన్న అడిగితే కరెంటు లేక నిద్రపట్టలేదని చెప్పాం.