రివాల్వర్ ట్రిగ్గర్ మరీ గట్టిగా ఉంది, ఏం చేయాలన్నా?

అన్నలూ, మాది చిత్తూరు పక్క పల్లె. మా నాయన మాజీ సైనికుడు, వయసు 67. ఆయన పేరు మీద లైసెన్సున్న చిన్న .32 బోర్ రివాల్వర్ ఉంది. ఎన్నికలని స్టేషన్‌లో అప్పజెప్పి, తర్వాత తెచ్చుకున్నాం.

హ్యామర్ (తూటా వెనక కొట్టే సుత్తి) వెనక్కి లాగిపెట్టి నొక్కితే ట్రిగ్గర్ మెత్తగానే కదుల్తుంది. నేరుగా నొక్కితేనే చిక్కు. తూటాలుండే సిలిండర్ తిరగాల, హ్యామర్ లేవాల, భారమంతా ఆ ఒక్క వేలి మీదే. సగం పోయేసరికి నాయన చెయ్యి వణికి గొట్టం కొన కిందికి దిగిపోతోంది. కీళ్లనొప్పులు వేరే.

తెలిసినాయన ఒకాయన స్ప్రింగ్ కత్తిరించెయ్ అన్నాడు. దెబ్బ చాలక తూటా పేలకపోతే? పైగా ఆయుధాల రిపేరుకు కూడా లైసెన్సుండాలి కదా.

డమ్మీ తూటాలతో సాధన చేస్తే వేలికి పట్టొస్తుందా? పిడి లావుది వేయిస్తే మేలా? తిరుపతిలో లైసెన్సున్న రిపేరు షాపుందా, చెన్నై పోవాల్సిందేనా?