మెడికల్ బిల్లింగ్ సంస్థలో ఏడాది తిరగకుండానే టీమ్ మొత్తం మారిపోతోంది: నేను ఉండాలా, వెళ్లాలా?

ప్రశ్న (ఏఆర్ టీమ్ లీడ్, హైదరాబాదు):

అమెరికా ఆసుపత్రులకూ డాక్టర్లకూ బీమా కంపెనీల నుంచి రావలసిన సొమ్మును రాబట్టే ఒక మెడికల్ బిల్లింగ్ సంస్థలో నాలుగేళ్ల మూడు నెలలుగా పనిచేస్తున్నాను. ఏఆర్ (అకౌంట్స్ రిసీవబుల్) కాలర్‌గా, అంటే బీమా కంపెనీలకు ఫోన్ చేసి రావలసిన సొమ్ము గురించి అడిగే ఉద్యోగిగా చేరాను, గత పద్నాలుగు నెలలుగా టీమ్ లీడ్‌గా ఉన్నాను. నాతో పాటు ట్రైనింగ్ పూర్తిచేసిన పదహారు మందిలో ఇప్పుడు ఇద్దరమే మిగిలాం. నా టీమ్‌లోని పన్నెండు మందిలో ఏడాది నిండినవారు ముగ్గురే.

ఈ తరం పిల్లలకు ఓపిక లేదని, రాత్రి షిఫ్టు తట్టుకోలేక వెళ్లిపోతున్నారని మా మేనేజర్ అంటారు. కొంతకాలం నేనూ అదే నమ్మాను. కానీ మమ్మల్ని వదిలి వెళ్లినవారిలో ఎక్కువమంది మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఇదే పని, ఇదే రాత్రి షిఫ్టులో చేస్తున్నారు. జీతంలో తేడా కూడా చెప్పుకోదగినంత లేదు. కాబట్టి వాళ్లు పారిపోతున్నది రాత్రి షిఫ్టు నుంచి కాదని నాకు అర్థమైంది.

అసలు జరుగుతున్నది ఇది. ఒక క్లెయిమ్ డినై అయితే, అంటే బీమా కంపెనీ సొమ్ము ఇవ్వనంటే, కాలర్ ముప్పావుగంట హోల్డ్‌లో వేచి ఉండి, అవతలివాళ్లు ఏ పత్రం అడుగుతున్నారో తెలుసుకుని, దాన్ని నోట్స్‌లో రాయాలి. రోజువారీ టార్గెట్ చూసిన ఖాతాల (రోగుల బిల్లుల) సంఖ్య మీదే ఉండటంతో నోట్స్ రెండు ముక్కల్లో ముగుస్తున్నాయి. ఆ మనిషి రాజీనామా చేస్తే ఆ ఖాతాలు కొత్తగా వచ్చినవారి మీద పడతాయి, వారు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. మెడికేర్‌లో (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా) క్లెయిమ్ వేయడానికి చికిత్స జరిగిన రోజు నుంచి ఏడాది గడువు ఉంటుంది, డినయల్‌పై మొదటి అప్పీలుకు నిర్ణయం అందిన నాటి నుంచి 120 రోజులే ఉంటాయి. చేతులు మారుతుండగా ఆ గడువు దాటిపోతుంది. క్లయింటు నుంచి ఎస్కలేషన్ (ఫిర్యాదు) వస్తుంది. అప్పుడు మేనేజర్ టీమ్ కాల్‌లో అందరి ముందూ పేరు పెట్టి నిలదీసేది, ఆ ఖాతా ఎవరి చేతిలో ఉంటే వారినే. ఆ నెల ఇన్సెంటివ్ పోతుంది, మరుసటి నెల ఆ మనిషి కూడా పోతాడు. ఈ ఏడాది ఒకే ఖాతాల బ్యాచ్ నాలుగు నెలల్లో ముగ్గురి చేతులు మారడం నా కళ్లతో చూశాను.

ఈ విషయం మేనేజర్‌తో ఏకాంతంగా చెబితే, టీమ్‌ను అదుపులో పెట్టుకోవడం నీకు చేతకావడం లేదన్నారు. ఎగ్జిట్ ఇంటర్వ్యూలో అసలు కారణం ఎవరూ రాయరు, ఎందుకంటే రిలీవింగ్ లెటర్ చేతికి రావాలి కదా. పైచదువులు, ఇంటి కారణాలు అని రాసి సంతకం పెట్టి వెళ్లిపోతారు.

టీమ్ లీడ్ స్థానంలో ఉండి దీన్ని మార్చడం సాధ్యమేనా? నాకు 90 రోజుల నోటీసు పీరియడ్ ఉంది, గ్రాట్యుటీకి ఇంకా తొమ్మిది నెలలు ఉంది. నా టీమ్‌లో ఒక అమ్మాయి, గడువుకు ముందే వెళ్లిపోతే డబ్బు కట్టాలన్న బాండ్ మీద సంతకం పెట్టి, వెళ్లలేక ఉండలేక ఏడుస్తోంది. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1 (ఆపరేషన్స్‌లో పద్దెనిమిదేళ్లు):

టీమ్ లీడ్ గారూ, మీరు రోగాన్ని సరిగ్గానే గుర్తించారు. నేను మేనేజర్‌గా ఉన్న రోజుల్లో నా కింద కూడా ఇదే జరిగింది, అందులో నా తప్పూ ఉంది. క్లయింటు మెయిల్ రాగానే ఎవరు చేశారన్నదే నా మొదటి ప్రశ్నగా ఉండేది. ఎందుకు జరిగిందని అడగడం నేర్చుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది, ఆలోగా మంచి కాలర్లను చాలామందిని పోగొట్టుకున్నాను.

మాకు పనికొచ్చిన మార్పు ఒక్కటే. ఎవరైనా రాజీనామా చేస్తే, వారు వెళ్లే ముందు చివరి రెండు వారాలపాటు వారికి కొత్త ఖాతాలు ఇవ్వడం ఆపేశాం. తమ చేతిలోని పెద్ద మొత్తాల క్లెయిములను, గడువు దగ్గరపడినవాటిని, తరువాత చూడబోయే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటిగా అప్పగించాలి. ఆ రెండు వారాల్లో లెక్కకు వచ్చే ఖాతాలు తగ్గుతాయి, కానీ గడువు దాటే క్లెయిములు ఆగిపోతాయి. దానితో తిట్లు ఆగాయి, వెళ్లేవారి సంఖ్య కూడా తగ్గింది.

అయితే ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఆ పని నేను చేయగలిగింది, టార్గెట్ తగ్గించడానికి మా డైరెక్టరు ఒప్పుకున్నందువల్లనే. టార్గెట్ మార్చే అధికారం టీమ్ లీడ్‌కు ఉండదు. కాబట్టి గత ఆరు నెలల్లో గడువు దాటి రద్దయిన క్లెయిములు ఎన్ని, వాటి విలువ ఎంత, ఒక్కొక్కటి ఎందరి చేతులు మారింది అన్నది ఒక పేజీలో రాసి మేనేజర్‌కూ, ఆయన పైవారికీ ఒకేసారి పంపండి. మనుషుల బాధ గురించి రాస్తే చదవనివారు కూడా పోయిన సొమ్ము గురించి రాస్తే చదువుతారు. నెల రోజుల్లో జవాబు రాకపోతే, ఇక అక్కడ మీరు వేచి చూడవలసింది ఏమీ లేదు.

జవాబు 2 (పేరోల్ విభాగంలో పనిచేస్తున్నాను):

డబ్బు, కాగితాల సంగతి చెబుతాను. గ్రాట్యుటీకి మామూలుగా ఐదేళ్లు నిరంతరాయంగా పనిచేసి ఉండాలి. చివరి వేతనాన్ని 26తో భాగించి, 15తోనూ పనిచేసిన సంవత్సరాలతోనూ హెచ్చిస్తారు. లెక్కలోకి వచ్చే మీ వేతనం 20,000 అనుకుంటే ఐదేళ్లకు సుమారు 57,700 రూపాయలు వస్తుంది. ఇది చిన్న మొత్తమేమీ కాదు. కానీ నోటీసు పీరియడ్ కూడా సర్వీసులోకే వస్తుంది కనుక, మీరు నిజంగా ఆగవలసింది తొమ్మిది నెలలు కాదు, ఆరు నెలల పైచిలుకు మాత్రమే. మీ చివరి పనిదినం ఐదేళ్లు దాటేలా రాజీనామా తేదీని చూసుకోండి, నోటీసు మధ్యలో బయౌట్ చేసుకుని (మిగిలిన రోజులకు డబ్బు కట్టి ముందే వెళ్లిపోయి) ఆ తేదీని చేజార్చుకోకండి.

ఉద్యోగం మారినప్పుడు పీఎఫ్ డబ్బు తీసేసుకోవద్దని మీ టీమ్ వారందరికీ చెప్పండి. ఐదేళ్ల సర్వీసు నిండకముందు తీస్తే పన్ను పడుతుంది. అదే కొత్త సంస్థ ఖాతాకు బదిలీ చేసుకుంటే పాత సర్వీసు కూడా కలుస్తుంది, పెన్షన్‌కు కావలసిన పదేళ్ల లెక్కలోకీ వస్తుంది. ఏడాదికొక కంపెనీ మారే పిల్లలు అందరికంటే ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. ప్రతి నెలా 15వ తేదీలోపు అంతకుముందు నెల పీఎఫ్‌ను యాజమాన్యం జమచేయాలి. జీతంలో కోత పడి, పాస్‌బుక్‌లో జమ కనిపించకపోతే అలాంటి చోట ఒక్క నెల కూడా ఎక్కువ ఉండకూడదని నా అభిప్రాయం.

2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, రాజీనామా చేసినవారికి రావలసిన వేతనాన్ని రెండు పనిదినాల్లో చెల్లించాలి. ఫుల్ అండ్ ఫైనల్‌కు, అంటే చివరి లెక్కలు తేల్చి చెల్లించడానికి, 45 రోజులు పడుతుందని ఎవరైనా చెబితే, ఆ కోడ్‌ను ప్రస్తావిస్తూ మెయిల్ రాయండి.

బాండ్ విషయంలో తేలికగా మాట్లాడకూడదు. బాండ్లేవీ చెల్లవని చాలామంది చెబుతుంటారు, అది నిజం కాదు. ఒక ప్రభుత్వరంగ బ్యాంకు ఉద్యోగి కేసులో, మూడేళ్లు పనిచేయకపోతే రెండు లక్షలు కట్టాలన్న షరతును 2025 మేలో సుప్రీంకోర్టు సమర్థించింది. అయితే కోర్టు ఆ తీర్పులో బ్యాంకుకు మళ్లీ నియామకం జరపడానికయ్యే ఖర్చును, ప్రభుత్వరంగ సంస్థకు ఉండే ప్రత్యేక పరిస్థితులను కూడా లెక్కలోకి తీసుకుంది. ఒక ప్రైవేటు సంస్థ రెండు వారాల ట్రైనింగ్ ఇచ్చి పెద్ద మొత్తం అడిగితే, ఆ మొత్తం సహేతుకమా కాదా అన్న ప్రశ్న వస్తుంది. ఆ అమ్మాయి బాండ్ కాగితాన్ని ఒక న్యాయవాదికి చూపించాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసులో ఉన్నాయా అన్నది ముందు అడగండి.

జవాబు 3 (గతంలో ఏఆర్ కాలర్):

నేను మీ టీమ్‌లో పనిచేసిన మనిషిని కాను, కానీ మీరు వర్ణించిన ఆ కాల్‌లో పేరు పిలిపించుకున్నవాడిని. ఖమ్మం నుంచి వచ్చి అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ మొదటి ఉద్యోగంలో చేరాను. చేరిన ఐదో నెలలో, నాకంటే ముందున్నవారి చేతిలో గడువు దాటిపోయిన క్లెయిమ్ గురించి నలభై మంది ముందు నన్ను సంజాయిషీ అడిగారు. ఆ ఖాతా నా దగ్గరికి వచ్చి తొమ్మిది రోజులే అయిందని మా టీమ్ లీడ్‌కు తెలుసు. ఆయన మైక్ మ్యూట్‌లో పెట్టుకుని కూర్చున్నారు. షిఫ్టు అయ్యాక క్యాబ్‌లో నా పక్కన కూర్చుని, ఏమీ అనుకోకురా తమ్ముడూ అన్నారు. మేనేజర్ తిట్లు మరిచిపోయాను గానీ ఆ మౌనం ఇప్పటికీ గుర్తుంది. నేను రాజీనామా చేసింది దానివల్లనే.

కాబట్టి మేడమ్, మీరు ఆరు నెలలుంటారో ఆరు రోజులుంటారో మీ ఇష్టం. ఉన్నంతకాలం, మీవాళ్లను పేరు పెట్టి అడిగినప్పుడు ఆ ఖాతా ఏ తేదీన వారి చేతికి వచ్చిందో అదే కాల్‌లో చెప్పండి. దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

ప్రశ్న అడిగినవారి జవాబు:

అందరికీ ధన్యవాదాలు. మూడో జవాబు చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను, ఎందుకంటే ఆ మ్యూట్ బటన్ వెనక నేనూ రెండుసార్లు కూర్చున్నాను. ఆ ఇద్దరిలో ఒకరు వెళ్లిపోయారు, రెండోవారు బాండ్ ఉన్న ఆ అమ్మాయే.

గత ఆరు నెలల లెక్క తీశాను. గడువు దాటి రద్దయిన క్లెయిములు 31 ఉన్నాయి, వాటిలో 26 కనీసం ఒకసారైనా చేతులు మారినవే. ఈ పేజీని సోమవారం మేనేజర్‌కూ ఆపరేషన్స్ హెడ్‌కూ పంపుతున్నాను. సర్టిఫికెట్లు ఆఫీసులోనే ఉన్నాయని ఆ అమ్మాయి చెప్పింది, బాండ్ కాపీతో శనివారం ఇద్దరం న్యాయవాది దగ్గరికి వెళ్తున్నాం. ఐదేళ్లు నిండేలా లెక్కేసుకుని నా రాజీనామా తేదీని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకున్నాను. ఆపరేషన్స్ హెడ్ ఏమంటారో తెలిశాక మళ్లీ రాస్తాను.