రాబ్, స్టీల్: 'సమ్‌వన్ రాబ్డ్ మై పర్స్' ఎందుకు తప్పు?

ప్రశ్న (తిరుపతి):
మాక్ టెస్టులో 'తిరుమల బస్సులో ఎవరో నా పర్సు కొట్టేశారు' అనేదాన్ని ఇంగ్లీషులో రాయమన్నారు. 'సమ్‌వన్ రాబ్డ్ మై పర్స్' అని రాస్తే మార్కు కొట్టేశారు, 'స్టోల్' రావాలంట. రెండూ దొంగతనమే కదన్నా? పెద్ద దొంగతనమైతే రాబ్, చిన్నదైతే స్టీల్ అనుకోవచ్చా?

జవాబు 1:
సైజుతో పని లేదమ్మా. కోటి రూపాయల నగలు పోయినా స్టీలే. క్రియ పక్కన ఏముందో చూడు. పోయిన వస్తువు ఉంటే స్టీల్. ఎవరి సొత్తు పోయిందో ఆ మనిషి, లేదా ఎక్కడ పోయిందో ఆ చోటు ఉంటే రాబ్. దే స్టోల్ ద చెయిన్. దే రాబ్డ్ ద ఓల్డ్ లేడీ.

మనం తడబడేది తెలుగు వల్లే. 'బ్యాంకును దోచుకున్నారు' అంటాం, 'నగలు దోచుకున్నారు' అనీ అంటాం. మన మాట రెండిటికీ సరిపోతుంది, రాబ్ సరిపోదు. ఊరి గుడిలో హుండీ పగలగొట్టి డబ్బు ఎత్తుకుపోయారనుకో: దే స్టోల్ ద మనీ ఫ్రమ్ ద హుండీ. గుడి పేరు ముందుకొస్తే, దే రాబ్డ్ ద టెంపుల్.

మనిషీ వస్తువూ రెండూ చెప్పాలంటే మధ్యలో వచ్చే చిన్నమాట మారుతుంది. స్టోల్ ఎ చెయిన్ ఫ్రమ్ హర్, కానీ రాబ్డ్ హర్ ఆఫ్ హర్ చెయిన్. పరీక్షల్లో ఖాళీ ఇచ్చేది ఈ 'ఆఫ్' దగ్గరే. ఇక 'ఐ వాజ్ స్టోలెన్' అని మాత్రం రాయొద్దు, నిన్నే ఎవరో ఎత్తుకుపోయారని అర్థం! 'ఐ వాజ్ రాబ్డ్' సరైనదే.

జవాబు 2 (చిత్తూరు):
పై జవాబు వ్యాకరణానికి సరిపోయింది. ఫిర్యాదు రాసేటప్పుడు ఇంకో తేడా ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో థెఫ్ట్ 303వ సెక్షన్, రాబరీ 309. తెలియకుండా జేబు కొట్టేస్తే థెఫ్ట్. కొట్టి గానీ, కత్తి చూపి అక్కడికక్కడే భయపెట్టి గానీ లాక్కుంటే రాబరీ. ఐదుగురు, అంతకు మించి కలిసి చేస్తే డెకాయిటీ, 310. మెడలో గొలుసు ఉన్నపళంగా తెంపుకుపోవడానికి స్నాచింగ్ అని 304 విడిగా పెట్టారు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు తాళం పగలగొట్టి నగలు ఎత్తుకుపోయినా ఇంగ్లీషులో 'ద హౌస్ వాజ్ రాబ్డ్' అనడం మామూలే, కానీ చట్టం లెక్కలో అది రాబరీ కాదు. బర్గిల్డ్ అంటే ఇంకా కచ్చితం.

ప్రశ్న అడిగినవారు:
మరి 'నా ఫోన్ పోయింది' అంటే స్టోలెనా, లాస్టా?

జవాబు 1:
మన 'పోయింది' అదీ చెప్పదు, ఇదీ చెప్పదు. లాస్ట్ అంటే నువ్వే ఎక్కడో జారవిడుచుకున్నట్టు. ఎవరో తీశారని తెలిస్తేనే స్టోలెన్. ఏదీ తేలకపోతే 'మై ఫోన్ ఈజ్ మిస్సింగ్' అను.

పలికేటప్పుడు 'రాబెడ్' అనొద్దు, 'రాబ్డ్' ఒక్క ఊపులో రావాలి. రాసేటప్పుడు 'బి' రెండుసార్లు. స్టీల్ రూపాలు స్టీల్, స్టోల్, స్టోలెన్. పలకడంలో మన స్టీలు గిన్నెల స్టీలూ ఇదీ ఒకటే, స్పెల్లింగే వేరు.

నీ వాక్యం ఇట్లా రాయి: సమ్‌వన్ స్టోల్ మై పర్స్ ఆన్ ద తిరుమల బస్. బస్సుకు 'ఇన్' కన్నా 'ఆన్' మేలు, అక్కడ ఇంకో మార్కు పోగొట్టుకోవద్దు.