లైవ్‌కీ రికార్డింగ్‌కీ పనికొచ్చే చిన్న అనలాగ్ బాస్ సింత్ – ఏది తీసుకోమంటారు?

కృష్ణాతీరం_కీస్:
అందరికీ నమస్కారం. మాది విజయవాడ. పెళ్లి రిసెప్షన్లు, సంగీత్‌లు వాయిస్తాం. బాస్ గిటార్ వాయించే తమ్ముడికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. అప్పటి నుంచి బాస్ లైన్ నా ఎడమ చేతి మీద పడింది. అరేంజర్ కీబోర్డ్ (తాళం, తోడు వాయిద్యాలు తనే వాయించేది) లోని బాస్ టోన్లు ఇంట్లో వింటే బ్రహ్మాండంగా ఉంటాయి. స్టేజీ ఎక్కి కిక్ డ్రమ్ పక్కన పడ్డాక ఉన్నాయో లేదో కూడా తెలియడం లేదు. అందుకని ఒక చిన్న అనలాగ్ బాస్ సింత్ (ఎలక్ట్రానిక్ సర్క్యూట్‌తో బాస్ సౌండ్ పుట్టించే వాయిద్యం) తీసుకుందామని ఉంది. ఇంట్లో రికార్డింగ్‌కి కూడా అదే వాడతాను. నేను చూసుకున్నవి నోవేషన్ బాస్ స్టేషన్ 2, మూగ్ మినిటార్, కోర్గ్ మోనోలాగ్, వోల్కా బాస్. బడ్జెట్ 50 వేలు, సెకండ్ హ్యాండ్ అయినా ఫర్వాలేదు.

కీస్ ఉన్నది కావాలా, కీస్ లేని మాడ్యూల్ చాలా? ప్రీసెట్లు (ముందే దాచుకున్న సౌండ్‌లు) లేకుండా స్టేజీ మీద గట్టెక్కగలమా? మే నెలలో ఓపెన్ గ్రౌండ్‌లో శ్రుతి కదులుతుందా? మిక్సర్‌కి నేరుగా ఇవ్వొచ్చా? వాడినవాళ్లు చెప్పండి.

ఫేడర్_దించకు:
స్టేజీ సంగతి మిగతావాళ్లు చెప్తారు, నేను రికార్డింగ్ వరకు చెప్తా. బాస్ గిటార్ కింది E తీగ 41 హెర్ట్జ్. మన పాట వినేవాళ్లలో చాలామంది ఫోన్ స్పీకర్లోనే వింటారు. ఆ స్పీకర్ 41 హెర్ట్జ్‌ని పలికించలేదు. దాని మీద ఉండే 82, 123, 164 హెర్ట్జ్ హార్మోనిక్స్ (దానికి గుణిజాలైన పై స్వరాలు), ఇంకా పైవి కొన్ని అందితే కింది స్వరాన్ని చెవే పూరించుకుంటుంది. కాబట్టి ఏ సింత్ కొన్నా ముందు డ్రైవ్ (సౌండ్‌ని కాస్త పగలగొట్టి హార్మోనిక్స్ పెంచేది) చూడండి. సా వేవ్ (రంపపు పళ్ల ఆకారపు తరంగం) పెట్టి, ఫిల్టర్ (పై ధ్వనులను కోసేది) సగం పైగా మూసి, డ్రైవ్ కొద్దిగా ఇచ్చి ఫోన్‌లో విని చూడండి. నోట్ మారినట్టు తెలియాలి. తెలియకపోతే ఎంత లావు సౌండ్ అయినా మిక్స్‌లో పనికిరాదు.

ఇంకొకటి. మూగ్ తరహా లాడర్ ఫిల్టర్‌లో రెజొనెన్స్ (ఫిల్టర్ కోసేచోట ధ్వనిని ఎత్తి చూపేది) పెంచేకొద్దీ కింది బాస్ తగ్గిపోతుంది. ఆ సర్క్యూట్ నడకే అంత. కొత్తవాళ్లు రెజొనెన్స్ పెంచేసి, బాస్ పోయిందని ఈక్యూలో 60 హెర్ట్జ్ లేపుతారు. అలాంటి ఫైళ్లు నా దగ్గరికి వస్తే పని రెట్టింపవుతుంది.

మోనో_మాస్టర్:
బాస్ స్టేషన్ 2 లిస్ట్‌లోంచి కొట్టేయండి. అందులో ఉన్నవి డీసీఓలు (డిజిటల్ క్లాక్ నడిపే ఆసిలేటర్లు, అంటే స్వరాన్ని పుట్టించే సర్క్యూట్లు). అనలాగ్ అంటే వీసీఓ (వోల్టేజ్ నడిపే ఆసిలేటర్) ఉండాలి. రెండు వీసీఓలు ఒకదానితో ఒకటి లీలగా రాపిడి పడుతుంటేనే బాస్‌కి ప్రాణం వస్తుంది. మినిటార్ తీసుకోండి, 1970ల నాటి మూగ్ టారస్ పెడల్ (కాళ్లతో వాయించే బాస్ సింత్) వంశం అది. ఇంకేమీ ఆలోచించొద్దు.

కోఠి_సోల్డర్:
మోనో_మాస్టర్ గారూ, డీసీఓ అనగానే డిజిటల్ సౌండ్ అనుకుంటే ఎలా? అందులో వేవ్‌ఫామ్ తయారయ్యేది అనలాగ్ సర్క్యూట్‌లోనే. కెపాసిటర్ చార్జ్ అవుతుంది, డిశ్చార్జ్ అవుతుంది, రాంప్ వస్తుంది. ఎప్పుడు డిశ్చార్జ్ అవ్వాలన్న టైమింగ్ ఒక్కటే డిజిటల్ క్లాక్ ఇస్తుంది. ఆ తర్వాత ఫిల్టర్, వీసీఏ (సౌండ్ స్థాయిని నడిపేది) అన్నీ అనలాగ్. నేను ఇలాంటి బోర్డులు విప్పి బాగుచేసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. రోజూ ఆసిలోస్కోప్‌లో చూసేదే చెప్తున్నాను.

మోనో_మాస్టర్:
స్కోప్‌లో చూడటం వేరు, చెవితో వినడం వేరు సర్. నేను బాస్ వాయించి బతుకుతున్నవాణ్ణి. రెండు డీసీఓలకి డీట్యూన్ (శ్రుతిలో చిన్న తేడా) ఇస్తే బీటింగ్ (సౌండ్ లేస్తూ పడటం) ఒకే తీరుగా తిరుగుతూ ఉంటుంది. వీసీఓలో అది కుదురుగా ఉండదు. అదే నాకు కావాల్సింది. అడిగిన తమ్ముడికి కూడా అదే కావాలి.

సంగీత్_సీజన్:
అడిగిన తమ్ముడికి ఏం కావాలో ఆయన రాశారు కదా. మే నెల, ఓపెన్ గ్రౌండ్, శ్రుతి కదలకూడదు. మీరు పొగుడుతున్నది సరిగ్గా ఆయన భయపడుతున్న విషయం.

నాకు తెలిసింది: రిసెప్షన్లో పాటకీ పాటకీ మధ్య యాంకర్ మాట్లాడేది ఊపిరి పీల్చుకునేంత సేపే. ఆ గ్యాప్‌లో నాబ్‌లు తిప్పి సౌండ్ వెతుక్కోవడం అవ్వదు. ప్రీసెట్లు తప్పనిసరి. బాస్ స్టేషన్ 2లో 128 ఉన్నాయి, అందులో సగం మనవి పెట్టుకోవడానికి. మోనోలాగ్‌లో 100 ప్రోగ్రామ్‌లు. మినిటార్‌లో ప్యానెల్ మీద ప్రీసెట్ బటన్లు లేవు, కంప్యూటర్‌లోని ఎడిటర్ నుంచో మిడి (వాయిద్యాల మధ్య నోట్లు, ఆదేశాలు పంపే పద్ధతి) ప్రోగ్రామ్ చేంజ్‌తోనో పిలవాలి. వోల్కా బాస్ మీద ఉన్న మెమరీ సీక్వెన్స్‌లకే, సౌండ్ నాబ్‌లు ఎక్కడుంటే అక్కడే. దాన్ని రిసెప్షన్ స్టేజీకి తేవద్దు.

మినిటార్ గురించి ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. మిడి నోట్ 72 (మధ్య C కి ఒక ఆక్టేవ్ పైది) దాటితే అది పలకదు. బాస్‌కి చాలు. కానీ ఇంటర్లూడ్‌లో లీడ్ బిట్ వాయిద్దామనుకుంటే అక్కడితో ఆగిపోతుంది.

డల్లాస్_తీగ:
మా బావమరిది హైదరాబాద్‌లో ఉంటాడు, వాడికి ఇక్కడ డల్లాస్ నుంచి ఒక సింత్ పట్టుకెళ్లాలి. ఇదే బాపతు. కస్టమ్స్‌లో ఇబ్బంది పెడతారా? వాడేసినదైతే ఏమైనా తేడా ఉంటుందా?

సంగీత్_సీజన్:
కస్టమ్స్ కంటే ముందు అడాప్టర్ చూడండి అన్నా. దాని మీద 100-240 వోల్టులు అని రాసి ఉంటే సరే. ఒట్టి 120 అని ఉంటే ఇక్కడి 230లో పెట్టిన క్షణం కాలిపోతుంది. మా గిటారిస్ట్ పెడల్ అడాప్టర్ అలాగే పోయింది. ఇక్కడ వేరే అడాప్టర్ కొనేటప్పుడు వోల్టేజ్ ఒక్కటే సరిపోదు, మధ్య పిన్ ప్లస్సో మైనస్సో కూడా కలవాలి. వారంటీ మాత్రం కొన్న దేశంలోనే చెల్లుతుందని అనుకుని తెచ్చుకోండి.

కోఠి_సోల్డర్:
ఎండ సంగతి లెక్కతో చెప్తాను, అప్పుడైనా చర్చ తెగుతుంది. వీసీఓలో ఒక వోల్ట్ పెరిగితే ఒక ఆక్టేవ్ పెరిగేలా చేసేది ఒక ట్రాన్సిస్టర్ జత. ఆ జత స్కేలు ఒక డిగ్రీ సెల్సియస్‌కి సుమారు 0.33 శాతం మారుతుంది. ఏ దిద్దుబాటూ లేకపోతే 10 డిగ్రీల తేడాకి 3.3 శాతం. ఆక్టేవ్‌కి 1200 సెంట్లు కదా, అంటే 40 సెంట్లు తప్పుతుంది. పక్కపక్క స్వరాల మధ్య దూరంలో దాదాపు సగం. ఏసీ రూమ్‌లో ట్యూన్ చేసి సాయంత్రం ఆరింటికి గ్రౌండ్‌లో పెడితే ఆ తేడా వచ్చేస్తుంది.

అయితే ఇప్పటి సింత్‌లలో ఉష్ణోగ్రత దిద్దుబాటు ఉంటుంది. మోనోలాగ్ లాంటివాటిలో ఆటో ట్యూన్ కూడా ఉంది. కాబట్టి వీసీఓ పనికిరాదని నేను అనడం లేదు. అరగంట ముందు ఆన్ చేసి పెట్టండి, స్టేజీ మీదకి తిరిగిన ఫోకస్ లైట్ల వేడి దాని మీద పడకుండా చూడండి, వాయించే ముందు ట్యూన్ చేయండి. డీసీఓకి ఈ తిప్పలు లేవు.

మోనో_మాస్టర్:
సంతోషం. మరి డీసీఓ సింత్‌లో ఫిల్టర్ ఏంటి? అది కూడా అనలాగే కదా, ఎండకి అదీ కదులుతుంది కదా? అది చెప్పరేం?

కోఠి_సోల్డర్:
కదులుతుంది, సరిగ్గా అడిగారు. కటాఫ్‌ని (ఫిల్టర్ కోత మొదలయ్యే చోటుని) నడిపేది కూడా అదే రకం సర్క్యూట్. రెజొనెన్స్ ఎక్కువ పెట్టి ఫిల్టర్‌నే పాడించే సౌండ్‌లలో తేడా వినిపిస్తుంది. మామూలు బాస్‌లో కటాఫ్ కాస్త అటూ ఇటూ అయితే టోన్ కొంచెం మందగిస్తుంది, శ్రుతి మాత్రం చెడదు. పాడేవాళ్లకి కావాల్సింది శ్రుతి.

మోనో_మాస్టర్:
నేను నా మాట మీదే ఉన్నాను. స్టూడియోలో వీసీఓ పక్కన డీసీఓ పెట్టి వాయించిన ప్రతిసారీ ప్రొడ్యూసర్ వీసీఓనే ఉంచాడు. బోర్డులు విప్పేవాళ్ల లెక్కలు విని బాస్ వాయించేవాళ్లు సింత్ ఎంచుకోవడం నాకు మింగుడుపడదు.

ఫేడర్_దించకు:
ఇద్దరూ ఆగండి. మిక్స్‌లో ఆ తేడా కంటే నోట్ ఎంత పొడుగు వదిలారన్నదే ఎక్కువ వినిపిస్తుంది. కిక్ పడేచోట బాస్ రిలీజ్ (కీ వదిలాక సౌండ్ ఆగేందుకు పట్టే సేపు) తగ్గించండి, రెండూ విడిగా వినిపిస్తాయి. కృష్ణాతీరం గారి అసలు సమస్య అదేనని నా అనుమానం.

జాతర_సౌండ్:
సౌండ్ డెస్క్ దగ్గర నిలబడేవాడిగా ఒక మాట. మిక్సర్‌కి నేరుగా ఇవ్వొచ్చా అని అడిగారు, ఎవరూ పట్టించుకోలేదు. ఇవ్వొద్దు. డీఐ బాక్స్ (సిగ్నల్‌ని బ్యాలెన్స్‌డ్‌గా, అంటే దారిలో శబ్దం అంటకుండా వెళ్లేలా మార్చే పెట్టె) పెట్టండి. స్టేజీ నుంచి మా డెస్క్ దాకా చాలా దూరం, సింత్ అవుట్ బ్యాలెన్స్‌డ్ కాదు, దారంతా లైట్ల డిమ్మర్ కేబుళ్లు.

మన కరెంట్ 50 హెర్ట్జ్. హమ్ (కరెంట్ గుయ్యిమనే శబ్దం) వచ్చేది 50లో, 100లో. కింది G స్వరం 49 హెర్ట్జ్. ఐదు శ్రుతిలో (అంటే G) పాడే అమ్మాయి పాటకి మీరు ఆ G పట్టుకుని ఉంటే, హమ్ దానితో కలిసి సెకనుకి ఒకసారి లేస్తూ పడుతూ ఉంటుంది. సింత్ పాడైందని అందరూ సింత్‌నే చూస్తారు. కారణం ఎర్త్ లూప్ (రెండు దారుల్లో ఎర్త్ కలిసి ఏర్పడే చుట్టు). లాప్‌టాప్ యూఎస్‌బీ నుంచి సింత్‌కి పవర్ ఇచ్చి, అదే లాప్‌టాప్ చార్జర్ పెట్టి ఉంటే ఇంకో సన్నటి కీచు శబ్దం కూడా తోడవుతుంది. స్టేజీ మీద అడాప్టర్‌తోనే నడపండి.

నవరాత్రి_బీట్స్:
హమ్‌కి సింపుల్ చిట్కా ఉంది బ్రో. కీబోర్డ్ ఆంప్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ పీకేయండి, ఒక్క దెబ్బకి పోతుంది. మేమంతా అదే చేస్తాం.

జాతర_సౌండ్:
ఈ మాట ఇక్కడ ఇంకెవరూ రాయకండి. దయచేసి. ఎర్త్ పిన్ తీసేసిన ఆంప్‌లో ఫేజ్ బాడీకి తగిలితే, ఆ బాడీకి కనెక్టైన గిటార్ తీగల మీద 230 వోల్టులు ఉంటాయి. గిటార్ పట్టుకున్నవాడి పెదవి మైక్‌కి తగిలితే కరెంట్ వాడి ఒంట్లోంచే పోతుంది. వాన పడి తడిసిన స్టేజీల మీద జనరేటర్ పవర్‌తో పనిచేసేవాళ్లం మనం. డీఐ బాక్స్ మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉన్నది ఇందుకే. అది ఆడియో వైపు ఎర్త్‌ని విడదీస్తుంది, కరెంట్ ఎర్త్‌ని ముట్టుకోదు. నా స్టేజీకి పిన్ లేని ప్లగ్ తెస్తే నేను లైన్ ఇవ్వను, ఎంత పెద్ద బ్యాండ్ అయినా సరే.

నవరాత్రి_బీట్స్:
అంత కోపమెందుకు అన్నా, ఇన్నేళ్లలో మాకేం కాలేదు.

జాతర_సౌండ్:
కాకూడదనే చెప్తున్నా తమ్ముడూ. మీ బ్యాండ్‌లో గిటార్ వాయించేవాడికి ఈ పోస్ట్ చూపించు.

రాగం_303:
ఇంతమంది బాస్ సింత్ నిపుణులు ఉన్నారు, రోలాండ్ టీబీ-303 పేరు ఒక్కరూ ఎత్తలేదు! 1984కే కంపెనీ ఆపేసింది, గిటారిస్టులకి బాస్ తోడుగా తెస్తే వాళ్లు పట్టించుకోలేదు. కానీ 1982లోనే ముంబైలో చరణ్‌జీత్ సింగ్ అదే పెట్టెతో రాగాలు వాయించి రికార్డు చేశారు. హిందీ సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించిన మనిషి. స్లైడ్ పెడితే ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతుంది కదా, అది మన జారు గమకానికి ఎంత దగ్గరో ఆయన అప్పుడే పట్టుకున్నారు. ఈ రోజు బెహ్రింగర్ టీడీ-3 రూపంలో ఆ సర్క్యూట్ అందుబాటులో ఉంది. బాస్ స్టేషన్ 2లో యాసిడ్ ఫిల్టర్ అని వేరే స్విచ్చే ఉంది.

మోనోలాగ్‌లో మైక్రోట్యూనింగ్ ఉంది, మన స్వరస్థానాలు మనమే పెట్టుకోవచ్చు. తోడి గాంధారం కీబోర్డ్ ఇచ్చేదానికంటే కొంచెం కిందకి దించి చూడండి, బాస్‌లో కూడా రంగు మారిపోతుంది.

సంగీత్_సీజన్:
టీడీ-3 స్టేజీ మీద చేత్తో వాయించే వాయిద్యం కాదండీ. ప్యాటర్న్ ముందే ఎక్కించుకోవాలి. పాడేవాళ్లు చరణం ఎగరగొట్టి పల్లవికి వచ్చేస్తే ఏం చేస్తారు?

రాగం_303:
మిడి ఇన్ ఉంది, కీబోర్డ్ తగిలించి చేత్తో వాయించండి. అయినా నేను స్టేజీ గురించి మాట్లాడలేదు, సంగీతం గురించి మాట్లాడాను.

కృష్ణాతీరం_కీస్:
అందరికీ చాలా థాంక్స్. ప్రీసెట్లు కావాలి, శ్రుతి కదలకూడదు. కాబట్టి బాస్ స్టేషన్ 2, మోనోలాగ్ మిగిలాయి. మోనోలాగ్ బ్యాటరీల మీద కూడా నడుస్తుంది, అది నచ్చింది. కానీ కీస్ సన్నవి, నా చేతికి ఇబ్బంది అనిపిస్తోంది. ఒక సందేహం. నా అరేంజర్‌లో ఎడమ వైపు స్ప్లిట్ (కీస్‌ని రెండు భాగాలు చేయడం) పెట్టి మిడితో సింత్‌ని నడిపితే, సింగర్‌ని బట్టి నేను ట్రాన్స్‌పోజ్ (పాట స్కేల్ పైకీ కిందకీ జరిపేది) మార్చినప్పుడు సింత్ కూడా మారుతుందా?

సంగీత్_సీజన్:
కీబోర్డ్‌ని బట్టి ఉంటుంది. కొన్నిట్లో ట్రాన్స్‌పోజ్ మిడి అవుట్‌కి కూడా వెళ్తుంది, కొన్నిట్లో లోపలి సౌండ్‌కి మాత్రమే. ఇంట్లోనే పరీక్షించండి: మిడిని లాప్‌టాప్‌కి ఇచ్చి, ట్రాన్స్‌పోజ్ ప్లస్ 2 పెట్టి C నొక్కండి. లాప్‌టాప్‌లో D కనబడితే వెళ్తున్నట్టు. C యే కనబడితే సింత్‌లో విడిగా మార్చుకోవాలి. పాట మొదలయ్యే తొందరలో రెండుచోట్ల మార్చడం ప్రమాదం. అలాంటప్పుడు సింత్‌కి సొంత కీస్ ఉండి, అసలు స్కేల్‌లోనే ఎడమ చేత్తో వాయించడం మేలు. 25 కీస్ బాస్‌కి చాలు. నేను బాస్ స్టేషన్ 2కే ఓటు వేస్తాను.

మోనో_మాస్టర్:
మినిటార్‌కి మీ అరేంజరే కీస్. మళ్లీ చెప్తున్నా.

కృష్ణాతీరం_కీస్:
ఆదివారం గుంటూరులో ఒకరి దగ్గర సెకండ్ హ్యాండ్ బాస్ స్టేషన్ 2 చూడబోతున్నా. ఏమేం చూసుకోవాలి కోఠి అన్నా?

కోఠి_సోల్డర్:
హెడ్‌ఫోన్, మీ సొంత కేబుల్ తీసుకెళ్లండి. ప్రతి నాబ్‌నీ మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పండి, విలువ గెంతితే ఆ పాట్ (నాబ్ కింద ఉండే భాగం) మార్చాల్సిందే. 25 కీస్ ఒక్కొక్కటీ మెల్లగా, గట్టిగా నొక్కి వెలాసిటీ (నొక్కిన తీరుని బట్టి సౌండ్ మారడం) చూడండి. పిచ్ వీల్ వదిలాక శ్రుతి సరిగ్గా మధ్యకి వస్తుందో లేదో ట్యూనర్ యాప్‌తో చూడండి. అవుట్‌పుట్ జాక్‌లో కేబుల్ పెట్టి అటూ ఇటూ కదపండి, గరగరమంటే సోల్డర్ వదిలింది, ధర తగ్గించమనండి. ఒరిజినల్ అడాప్టర్ అడగండి. ఫర్మ్‌వేర్ పాతదైతే భయపడకండి, యూఎస్‌బీతో మీరే అప్‌డేట్ చేసుకోవచ్చు.

జాతర_సౌండ్:
దాంతోపాటే డీఐ బాక్స్ డబ్బులు పక్కన పెట్టుకోండి.